కారు లేని డ్రైవరు ఎల్లోస్టోన్ వెళ్లింది

సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్ పేటలో తిరిగే చిన్న రైలుకి డ్రైవరుండడు. తనంతట తానే వచ్చి ఆగుతుంది, తలుపులు తెరుస్తుంది, మూస్తుంది, ఫ్లాట్ల మధ్య నుంచి వంతెన మీద మలుపులు తిరుగుతూ పోతుంది. ముందు అద్దం దగ్గర నిలబడితే పట్టాలన్నీ మన కాళ్ల కిందకే వచ్చి దూరుతున్నట్టుంటుంది. ఆ చోటు కోసం స్కూలు పిల్లలు పోటీ పడతారు. వాళ్లతో సమానంగా పోటీ పడే పెద్దమనిషి ఆ పేటలో ఒక్కతే. ఆవిడ పేరు భానుమతి.

యాభై దాటిన మనిషి. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో అకౌంట్లు చూస్తుంది. మెడలో ఆఫీసు కార్డు, చేతిలో లంచ్ బ్యాగు, ఉదయం పూట అందరిలాగే హడావిడి. అయినా ముందు అద్దం దగ్గర జాగా కనిపిస్తే వెళ్లి నిలబడేది. మలుపు వచ్చినప్పుడు ఆమెకి తెలియకుండానే ఒక భుజం కాస్త వాలేది.

అది తండ్రి దగ్గర అబ్బిన అలవాటు. పెద్దిరాజు మచిలీపట్నం డిపోలో ఆర్టీసీ డ్రైవరు. బడి లేని రోజుల్లో కూతుర్ని వెంటబెట్టుకుని డ్యూటీకెళ్లేవాడు. డ్రైవరు పక్కనుండే ఇంజిన్ మూత మీద తువ్వాలు నాలుగు మడతలు వేసి కూర్చోబెట్టేవాడు. కింద చురచుర కాలుతున్నా ఆ పిల్ల లేచేది కాదు. అవనిగడ్డ దాకా ఆయన గేరు మార్చినప్పుడల్లా తన చెయ్యీ కదిలేది.

"నేనూ నడుపుతా నాన్నా," అని అడిగితే, "నడుపుదువుగానిలే, ముందు నీ కాళ్లందాలి గదా," అనేవాడు.

కాళ్లందే వయసొచ్చేసరికి బీకాం వచ్చింది, దాని వెనక పెళ్లి వచ్చింది, పెళ్లితో పాటు సింగపూర్ వచ్చింది. భర్త విశ్వనాథం బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగి. మొదట బిషాన్‌లో అద్దె ఫ్లాటు, అక్కడే కూతురు నిఖిల పుట్టింది. తర్వాత సెంగ్‌కాంగ్‌లో సొంత ఫ్లాటు. కింద బస్సు, పైన రైలు. ఈ ఊళ్లో కారు కొనడమంటే ఇంకో ఇల్లు కొన్నంత పని. వాళ్లు కొనలేదు, కొనాలని అనుకోనూ లేదు.

అందుకే నలభై ఎనిమిదో ఏట భానుమతి డ్రైవింగు నేర్చుకుంటానన్నప్పుడు ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

"ఎందుకు భానూ? కారు లేదు, కొనేది లేదు," అన్నాడు విశ్వనాథం.

"ఈత నేర్చుకునేవాళ్లంతా చెరువులు కొనుక్కుంటున్నారా?" అంది భానుమతి.

విశ్వనాథం మంచివాడే గానీ జాగ్రత్త కాస్త ఎక్కువ. బ్యాంకులో ఆయన పనే ఎక్కడ ఏం చెడిపోవచ్చో ముందుగా ఊహించడం. ఆ పని ఇంటికి కూడా తెచ్చుకునేవాడు.

నేర్పింది లిమ్ అంకుల్ అని ఒక చైనీస్ పెద్దాయన. "ఆంటీ, తల తిప్పి చూడు లా! అద్దం ఒక్కటే చాలదు!" అని మాట చివర సింగపూర్ 'లా' తగిలించి ఆయన ఇంగ్లీషులో అరిచే అరుపులు ఆమెకి నిద్రలో కూడా వినిపించేవి. మొదటి పరీక్షలో వెనక చక్రం రోడ్డు అంచుకి తగిలింది, ఫెయిల్. రెండోసారి మరీ నెమ్మదిగా నడిపిందని ఫెయిల్. మూడోసారి సరిగ్గా తల తిప్పడమే మర్చిపోయింది. నాలుగోసారి పరీక్షాధికారి కాగితం చేతికిచ్చి "కంగ్రాట్స్, ఆంటీ" అన్నప్పుడు, ఆమె అక్కడే బెంచీ మీద కూర్చుని బందరు ఫోన్ చేసింది.

"నాన్నా, లైసెన్సొచ్చింది."

అవతల పెద్దిరాజు పెద్దగా నవ్వాడు. "అయితే కాళ్లందాయన్నమాట!"

లైసెన్సు పర్సులోకి వెళ్లి అక్కడే ఉండిపోయింది. నిఖిల తల్లికి 'కారు లేని డ్రైవరు' అని పేరు పెట్టింది. భానుమతి కూడా నవ్వేది. ఎప్పుడైనా ఒక ఆదివారం కారు అద్దెకి తీసుకుని లిమ్ అంకుల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్లోనే సముద్రపొడ్డున ఉన్న ఈస్ట్ కోస్ట్ దాకా వెళ్లొచ్చేది. అంతే.

ఇక అమెరికా ప్రయాణం మాట. అది మొదలైంది అత్తగారి వల్ల.

కోటేశ్వరికి డెబ్బై ఆరేళ్లు. తెనాలి దగ్గర పాడి ఉన్న ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. పదేళ్లుగా కొడుకు దగ్గరే ఉంటోంది. సింగపూర్‌లో ఆవిడకి నచ్చిన చోటు గుడి తర్వాత మండాయ్ జూ. వారానికోసారైనా చీర మీద స్పోర్ట్స్ షూస్ వేసుకుని వెళ్లాల్సిందే. అక్కడి ఒరాంగుటాన్ కోతుల్ని పేర్లు పెట్టి పలకరించేది. ఒకరోజు టీవీలో మంచులో నడుస్తున్న అమెరికా అడవిదున్నల్ని చూసింది. మూపురం మీద మంచు, ముక్కుల్లోంచి పొగలాంటి ఆవిరి. అన్నం తినడం ఆపేసి చూసింది.

"ఒరే విస్సూ, వీటిని నేను చూడాలిరా. బోనులో కాదు, ఇలాగే."

తల్లి ఏదైనా అడగడం అరుదు. విశ్వనాథం ఏడాది ముందు నుంచే పట్టుకుని కూర్చున్నాడు. ఆ దున్నలు తిరిగే ఎల్లోస్టోన్ పార్కు లోపల గదులు దొరకడం కష్టమట, పట్టువదలకుండా సాధించాడు. సాల్ట్ లేక్ సిటీలో దిగి, కారు అద్దెకి తీసుకుని, ఐడహో రాష్ట్రం మీదుగా పార్కుకి వెళ్లి, ఇంకో దారిలో తిరిగి రావాలి. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో కారు నడిపిన అనుభవం ఉంది కాబట్టి డ్రైవరు ఆయనే. పందొమ్మిదేళ్ల నిఖిలకి దారి చెప్పే పని. భానుమతికి గోంగూర పచ్చడి, కందిపొడి, చిన్న రైస్ కుక్కరు సర్దే పని.

వారం రోజుల్లో ప్రయాణమనగా బ్యాంకులో పెట్టాల్సిన కొత్త సిస్టమ్ తేదీ మారింది. సరిగ్గా వీళ్లు అమెరికాలో ఉండాల్సిన రోజుల్లోకి వచ్చి పడింది. సెలవులన్నీ రద్దు. విశ్వనాథం ఆ రోజు భోజనానికి కూర్చుని అన్నం కెలుకుతూ చెప్పాడు.

"క్యాన్సిల్ చేసేద్దాం. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు ఆ గదులు దొరుకుతాయా నాన్నా?" అంది నిఖిల.

"పోన్లేరా, ఉద్యోగం ముఖ్యం," అని కోటేశ్వరి మజ్జిగ పోసుకుంది. ఆ మాట అన్న తీరు భానుమతికి నచ్చలేదు. ఆవిడ మరీ తేలిగ్గా అనేసింది.

"నేను నడుపుతాను," అంది భానుమతి.

విశ్వనాథం తలెత్తాడు. "నువ్వా?"

"నా పర్సులో లైసెన్సుంది."

"భానూ, అక్కడంతా కుడి వైపు నడపాలి. కొండలు. అడవి. నువ్వు ఈస్ట్ కోస్ట్ దాటి వెళ్లలేదు ఎప్పుడూ!"

"మీరు మాత్రం కారు ముట్టుకుని పాతికేళ్లు కాలేదూ? మీతో వస్తామని మేమందరం తలూపలేదూ?"

అప్పుడు కోటేశ్వరి గ్లాసు కింద పెట్టింది. "నిజం చెప్పమంటావా విస్సూ? నువ్వు నడుపుతావంటే నాకు కాస్త గుబులుగానే ఉంది. కొడుకువని ఊరుకున్నాను. భాను అయితే వాళ్ల నాన్న బస్సులో పెరిగింది. నేను అమ్మాయితోనే వెళ్తాను."

నిఖిల ఫక్కున నవ్వింది. "నానమ్మ ఓటేసింది. సెటిల్డ్ లా, నాన్నా!"

వెళ్లే ముందు శనివారం భానుమతి లిమ్ అంకుల్ దగ్గరికెళ్లింది. ఆయన విషయమంతా విని ఒక్కటే సలహా ఇచ్చాడు. "ఆంటీ, అక్కడ అంతా తిరగబడి ఉంటుంది. కంగారొస్తే ఒకటే గుర్తుంచుకో. ఇక్కడైనా అక్కడైనా డ్రైవరు కూర్చునేది రోడ్డు మధ్య గీత వైపే. నువ్వు రోడ్డు అంచు వైపు ఉన్నావంటే తప్పు దారిలో ఉన్నట్టు."

చాంగీ ఎయిర్‌పోర్టులో విశ్వనాథం ముగ్గురినీ సాగనంపాడు. నిఖిల ఫోను ఎక్కడుందో తన ఫోనులో చుక్కలాగా కనిపించే ఏర్పాటు చేసుకున్నాడు. "స్పీడ్ వద్దు. వర్షమొస్తే ఆగిపో. చీకటి పడ్డాక అసలు వద్దు," అని చెప్పినవే చెప్పాడు. చివర్లో, "జాగ్రత్త భానూ," అని ఆమె చెయ్యి కాసేపు వదల్లేదు.

సాల్ట్ లేక్ సిటీలో కార్లు అద్దెకిచ్చే చోట తెల్లటి పెద్ద కారు ఒకటి ఇచ్చారు. భానుమతి అలవాటుగా వెళ్లి కుడి వైపు తలుపు తీసి కూర్చుంది. ముందు స్టీరింగ్ లేదు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, దిగి, ఎడమ వైపుకి వెళ్లింది. ఆ ఆవరణలోనే చుట్లు కొట్టడం మొదలుపెట్టింది. అక్కడ పనిచేసే కుర్రాడు మొదట అనుమానంగా చూశాడు. తర్వాత ఆమె తన ముందు నుంచి వెళ్లినప్పుడల్లా చెయ్యి ఊపాడు.

మొదటి రోడ్డు మలుపులో ఇండికేటర్ వెయ్యబోతే వైపర్లు తిరిగాయి. ఇక్కడి కార్లలో ఆ మీటలు కూడా తారుమారే. ఆకాశంలో మబ్బు తునక లేదు. వైపర్లు ఎండిన అద్దం మీద కీచుకీచుమంటున్నాయి.

"అమ్మా, వైపర్ లా! అటు సైడ్‌ది!" అంది నిఖిల.

"వానేదీ లేదు గదే భానూ, అద్దాలెందుకు తుడుస్తున్నావ్?" అంది వెనక సీట్లోంచి కోటేశ్వరి.

"దుమ్ముంది అత్తయ్యా," అంది భానుమతి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని.

ఆ రోజు ఎక్కువ దూరం వెళ్లకుండా ఊళ్లోనే జూ చూశారు. అది అత్తగారి కోరిక. ఊరి అంచున కొండ కింద ఉంది. కోటేశ్వరి తిన్నగా ఒరాంగుటాన్‌ల దగ్గరికి వెళ్లి నిలబడింది. "మన మండాయ్ వాళ్ల చుట్టాలే. పాపం, చలికాలంలో ఎలా ఉంటార్రా మీరు?" అని తెలుగులోనే అడిగింది. అద్దం అవతల ఒక ముసలి ఒరాంగుటాన్ ఆవిడ షూస్‌ని చాలాసేపు పరీక్షగా చూసింది. పక్కన నిలబడ్డ అమెరికన్ తల్లి ఒకామె, "మీకు వీటి భాష వచ్చా?" అని అడిగితే నిఖిల నవ్వాపుకోలేక అవతలికి వెళ్లిపోయింది.

మర్నాడు అసలు ప్రయాణం. ఉత్తరంగా పోయే పెద్ద రోడ్డు. ఒక పక్క మంచు తలపాగాలతో కొండలు, రెండో పక్క అంతు కనిపించని మైదానం. సింగపూర్‌లో ఎటు చూసినా చూపు ఒక బిల్డింగుకి తగిలి ఆగుతుంది. ఇక్కడ ఆగడానికేమీ లేదు. భానుమతి మొదటి గంట ఊపిరి బిగబట్టి నడిపింది. పెద్ద పెద్ద లారీలు పక్క నుంచి పోతుంటే కారు చిన్నగా వణికేది. 'మధ్య గీత నా వైపు, మధ్య గీత నా వైపు' అని లోపల అనుకుంటూనే ఉంది. రెండో గంటలో ఎప్పుడో ఆ మాట అనుకోవడం మర్చిపోయింది. భుజాలు వదులయ్యాయి. తను కూనిరాగం తీస్తున్నట్టు నిఖిల చెప్పేదాకా ఆమెకి తెలియలేదు.

ఐడహోలో బ్లాక్‌ఫుట్ అనే చిన్న ఊరిలో బంగాళాదుంపల మ్యూజియం ఉందని నిఖిల కనిపెట్టింది. పాత రైల్వే స్టేషన్ భవనం, బయట కారంత బంగాళాదుంప బొమ్మ. బయటి రాష్ట్రాల వాళ్లకి బంగాళాదుంప ఉచితమని అక్కడ మాట.

"మరి బయటి దేశం వాళ్లకో?" అంది కోటేశ్వరి.

నిఖిల ఆ ప్రశ్నని ఇంగ్లీషులో అడిగితే లోపలున్న పెద్దావిడ పడీపడీ నవ్వి, ఎండబెట్టిన బంగాళాదుంప తురుము పొట్లాలు రెండు ఇచ్చింది. కోటేశ్వరి లోపల ఉన్నవన్నీ శ్రద్ధగా చూసింది. దుంపలు తవ్వే పాత యంత్రాలు, గోనెసంచులు, గాజుపెట్టెలో పళ్లెమంత చిప్సు ముక్క. "ఒక్క కూరకి ఇంత గౌరవమిచ్చారంటే వీళ్లు మంచివాళ్లే అయ్యుంటారు," అంది బయటికొచ్చి. ఆ సాయంత్రం మోటెల్ గదిలో రైస్ కుక్కర్లోనే తాలింపు వేసి ఆ తురుముతో ఉప్మా చేసింది. ముగ్గురూ మంచం మీద కూర్చుని గోంగూర నంజుకుని తిన్నారు.

ఆ ఊరు దాటేటప్పుడు భానుమతికి ఇంకో సంగతి తెలిసింది. కొన్ని కూడళ్లలో సిగ్నల్ ఉండదు, నాలుగు వైపులా ఆగమనే బోర్డే ఉంటుంది. ముందొచ్చినవాళ్లు ముందు వెళ్లాలి. ఆమె మర్యాదకొద్దీ అవతలివాళ్లని పొమ్మని చెయ్యి ఊపింది. వాళ్లు ఆమెని పొమ్మన్నారు. ఆమె మళ్లీ ఊపింది. పికప్ ట్రక్కులో ఉన్న టోపీ తాత టోపీ తీసి వంగి నమస్కారం పెట్టేదాకా అది అలాగే నడిచింది.

ఎల్లోస్టోన్‌లోకి అడుగుపెట్టగానే ఫోన్లలో సిగ్నల్ పోయింది. ఆ సంగతి వీళ్లు పట్టించుకోలేదు. నేల మీద నుంచి ఆవిర్లు లేస్తున్నాయి. మరుగుతున్న మడుగులు, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ, చుట్టూ పసుపూ నారింజా అంచులు. గంధకం వాసన. "కుళ్లిన గుడ్డు కంపు!" అని నిఖిల ముక్కు మూసుకుంది. "భూదేవి పొయ్యి మీద ఏదో పెట్టి మర్చిపోయింది," అంది కోటేశ్వరి.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర అర్ధచంద్రాకారంలో బెంచీలున్నాయి. వేడినీటి ఊట ఎప్పుడు ఎగసిపడుతుందో ముందే అంచనా కట్టి రాసి పెడతారు.

"చెప్పిన టైముకే వస్తుందా? మన ఎమ్మార్టీ రైలు లాగా?" అంది కోటేశ్వరి.

"కొంచెం అటూ ఇటూ అవుతుంది నానమ్మా."

"అయితే మన ఆర్టీసీ లాగే."

భానుమతి నవ్వుతుండగానే నేలలోంచి ఒక గురక వినిపించింది. నీళ్లు కాస్త పొంగి ఆగిపోయాయి. మళ్లీ పొంగి ఆగిపోయాయి. జనం నిట్టూర్చారు. అంతలో ఒక్క ఉదుటున తెల్లటి స్తంభం ఆకాశంలోకి లేచింది. తాటిచెట్ల మీద తాటిచెట్లు నిలబెట్టినంత ఎత్తు. గాలికి ఆవిరి విడిపోయి ఎండలో మెరుస్తోంది. కోటేశ్వరి చేతులు జోడించింది. పొద్దున్నుంచి ప్రతిదాన్నీ వీడియో తీస్తున్న నిఖిల ఈసారి ఫోను ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. నీళ్లు తగ్గిపోయాక, "అయ్యో, తియ్యలేదు!" అంది. ఆ మాటలో పెద్ద బాధేమీ లేదు.

ఆ మరునాడు దున్నలు తిరిగే హేడెన్ లోయకి వెళ్లాలి. దారిలో ఒక కనుమ ఎక్కి దిగాలి. జూన్ నెల, పొద్దున్న బయలుదేరినప్పుడు ఎండగానే ఉంది. పైకెక్కుతుండగా వెలుతురు తగ్గింది. అద్దం మీద ఏదో తెల్లటి నలుసు పడి కరిగిపోయింది. ఇంకోటి పడింది. తర్వాత లెక్కలేనన్ని.

"దూదా?" అంది కోటేశ్వరి.

"మంచు!" అని నిఖిల అరిచింది. "స్నో, నానమ్మా! జూన్‌లో!"

ముగ్గురిలో ఎవరూ మంచు పడడం ఎప్పుడూ చూడలేదు. నిఖిల అరుపుల మధ్య భానుమతి మాత్రం రోడ్డునే చూస్తోంది. రోడ్డు తెల్లబడుతోంది. రెండు వైపులా పైన్ చెట్లు, ఒక పక్క లోయ. వెనక్కి తిరగడానికి చోటు లేదు. విశ్వనాథం గొంతు చెవిలో వినిపిస్తోంది: కొండలు, అడవి.

"నిఖీ, కాసేపు మాట్లాడకు," అంది.

ముందు ఒక వ్యాను నెమ్మదిగా పోతోంది. దాని వెనక ఎర్ర దీపాలు మంచులోంచి మసగ్గా కనిపిస్తున్నాయి. ఎప్పుడో తుఫాను వానలో నాన్న బస్సు నడపడం గుర్తొచ్చింది. ప్రయాణికులంతా భయపడి అరుస్తుంటే ఆయన మాత్రం ముందు లారీ దీపం మీంచి చూపు తిప్పలేదు. 'మనకంటే ముందు ఒకడు వెళ్తున్నాడంటే దారి ఉన్నట్టే గదమ్మా,' అన్నాడు. భానుమతి స్పీడు బాగా తగ్గించింది. బ్రేకు మీద కాలు బరువు పెట్టకుండా, వ్యాను చక్రాలు వేసిన చారల్లోనే తన చక్రాలు పోనిచ్చింది. వెనక సీట్లో కోటేశ్వరి ఆంజనేయ దండకం లోగొంతుకతో చదువుతోంది.

కనుమ పైన ఆగడానికి చోటుంది. పక్కనే తామరాకుల చిన్న చెరువు. వ్యాను అక్కడ ఆగింది. భానుమతీ దాని వెనక ఆపి, ఇంజిను కట్టేసి, స్టీరింగు మీద తల ఆనించింది. కోటేశ్వరి వెనక నుంచి చెయ్యి చాచి కోడలి తల నిమిరింది.

"బాగా నడిపావే అమ్మాయ్. నాకేం భయమెయ్యలేదు."

"దండకం వినిపించింది అత్తయ్యా."

"అది నీకు తోడుగా చదివాను లే."

ముగ్గురూ దిగారు. నిఖిల రెండు చేతులూ చాచి గుండ్రంగా తిరిగింది. కోటేశ్వరి మంకీ క్యాపు మీద, శాలువా మీద మంచు పువ్వుల్లా పడింది. అరచేతిలో కాస్త పట్టుకుని నాలుక మీద వేసుకుని, "చక్కెర మర్చిపోయారు," అంది. ఆ చెరువు నీళ్లు రెండు వైపులకీ పారి రెండు వేర్వేరు సముద్రాల దాకా పోతాయని అక్కడి బోర్డు చదివి నిఖిల చెప్పింది. కోటేశ్వరి నమ్మలేదు. రెండు చివరలకీ నడిచి చూసొచ్చింది.

కాసేపటికి మబ్బు విడిపోయింది. అవతలి వైపు దిగేసరికి రోడ్డు తడిగా మెరుస్తోంది తప్ప మంచు జాడ లేదు.

హేడెన్ లోయలో కార్లన్నీ వరసగా ఆగిపోయి ఉన్నాయి. ఏమైందా అని చూస్తే రోడ్డు నిండా దున్నలు. పదులకొద్దీ. ఒక్కొక్కటీ చిన్న గుట్టలా ఉంది. చలికాలపు బొచ్చు గుత్తులుగా ఊడిపోతోంది. వాటి కాళ్ల మధ్య ఇటుక రంగు దూడలు గంతులు వేస్తున్నాయి. అద్దాలు దించకూడదని భానుమతి ముందే చెప్పింది. కోటేశ్వరి ముక్కు అద్దానికి ఆనించి, కళ్లు ఆర్పడం మానేసింది.

"మా పుట్టింట్లో పెద్ద గేదె ఉండేది, ఊళ్లో అందరూ చూడ్డానికొచ్చేవారు. వీటి ముందు అది మేకపిల్లే! దూడలు ఎర్రగా ఉన్నాయేవిటే?"

"పెద్దయ్యాక కలర్ మారుతుంది నానమ్మా. ఇక్కడ వీటిని రెడ్ డాగ్స్ అంటారు."

"కుక్కలా! బంగారం లాంటి దూడని పట్టుకుని కుక్కంటారా? బుద్ధుండద్దూ!"

మంద దాటిపోయింది గానీ ఒక పెద్ద దున్న మాత్రం వీళ్ల కారు ముందే ఆగింది. తల తిప్పి హెడ్‌లైటుని వాసన చూసింది. ఊపిరి బానెట్టు మీద పొగలా పరుచుకుంది. వెనక కార్ల బారు పెరుగుతోంది. భానుమతి కదల్లేదు, హారన్ కొట్టలేదు. దాని కన్ను ఒకటి ఆమె వైపే ఉంది, నల్లగా, తడిగా, ఏ తొందరా లేకుండా. ఆమెకి ఆశ్చర్యంగా భయం వెయ్యలేదు.

"పో నాయనా, పో. పిల్లలు అటు వెళ్లిపోయారు చూడు," అంది కోటేశ్వరి మెల్లగా, ఇంట్లో గేదెతో మాట్లాడినట్టే.

దున్న చెవి విదిల్చి, నింపాదిగా గడ్డిలోకి దిగిపోయింది. ఆ ఘనతంతా కోటేశ్వరే తీసుకుంది. తల్లీకూతుళ్లిద్దరూ తీసుకోనిచ్చారు. కాసేపటికి చూస్తే ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. "ఎందుకు నానమ్మా?" అని నిఖిల అడిగితే, "ఏవీ లేదే, ఎంత బావున్నాయో," అంది.

పార్కు దాటి, సరస్సుల్లో తలకిందులుగా కనిపించే టీటన్ కొండల పక్క నుంచి జాక్సన్ ఊళ్లోకి వచ్చేసరికి ఫోనుకి ప్రాణమొచ్చింది. విశ్వనాథం పంపిన మెసేజీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చుక్క మాయమైపోయిందట. ఎక్కడున్నారు? చుక్క ఏది? భానూ, ఒక్కసారి ఫోన్ చెయ్యి.

ఆమె ఫోన్ చేసి మంచు సంగతి, దున్న సంగతి చెప్పింది.

"మంచులో నడిపావా?"

"నడిపాను."

"నాకు ముందు తెలియకపోవడమే మంచిదైంది," అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "మా ఆఫీసులో అందరికీ చెప్పాను భానూ, మా ఆవిడ అమెరికాలో డ్రైవ్ చేస్తోందని. మా బాస్ కూడా ఫోటో అడిగాడు. స్టీరింగు దగ్గర ఉన్నది పంపు."

తిరుగు దారిలో బేర్ లేక్ ఒడ్డున ఆగి రాస్ప్‌బెర్రీ మిల్క్‌షేకులు తాగారు. సరస్సు ఎవరో నీలిమందు కలిపినట్టుంది. నిఖిల తండ్రి కోరిన ఫోటో అక్కడే తీసింది. స్టీరింగు మీద చెయ్యి, జుట్టు గాలికి చెదిరి, పై పెదవి మీద గులాబీ రంగు మీసంతో భానుమతి. ఆ ఫోటో బందరు కూడా వెళ్లింది. పెద్దిరాజు దాన్ని పక్కింటివాళ్లందరికీ చూపించి, బండి పేరేమిటో, ఎన్ని గేర్లో అడిగి చెప్పమన్నాడు. గేర్లు వాటంతట అవే పడతాయని చెబితే కాస్త నిరాశపడ్డాడట.

సింగపూర్ తిరిగొచ్చాక భానుమతి కారేమీ కొనలేదు. కానీ ఆ ఇంట్లో సెలవుల మాట వస్తే ఎవరు నడుపుతారన్న ప్రశ్న మాత్రం మళ్లీ రాలేదు. మరుసటి ఏడు ఆరిజోనాకి నలుగురూ కలిసి వెళ్లారు. ముందు సీటు కోటేశ్వరి పట్టుకుని ఎవరికీ ఇవ్వలేదు. విశ్వనాథం వెనక సీట్లో కూతురి పక్కన కూర్చున్నాడు. మొదట్లో మలుపు వచ్చినప్పుడల్లా "స్లో, స్లో," అన్నాడు. "నువ్వు పడుకోరా విస్సూ," అని తల్లి రెండుసార్లు చెప్పాక నిజంగానే పడుకున్నాడు.

గ్రాండ్ కాన్యన్ అంచున నిలబడినప్పుడు సాయంత్రమవుతోంది. లోయ లోపల గోడలు ఎరుపు నుంచి ఊదా రంగుకి తిరుగుతున్నాయి. కటకటాలు గట్టిగా పట్టుకుని కిందికి తొంగిచూసిన విశ్వనాథం, ఇక్కడ ఏం చెడిపోవచ్చో ఒక్కటి కూడా చెప్పలేదు. కోటేశ్వరి ఎంతోసేపు చూసి, "ఇదంతా ఆ కింద దారంలా కనిపించే ఏరే తవ్విందంటావా?" అని కోడల్ని అడిగింది.

"ఏరేనట అత్తయ్యా."

"ఎప్పుడు మొదలెట్టిందో పాపం," అంది ఆవిడ.

బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నారు. ఒక ఉడత వచ్చి కోటేశ్వరి షూస్ దగ్గర నిలబడి అడుక్కుంది. జంతువులకి ఏమీ పెట్టకూడదన్న బోర్డు చూపించి ఆవిడ దానికి నచ్చజెప్పింది. భానుమతి నీళ్ల సీసా మూత పెడుతుంటే విశ్వనాథం దగ్గరికి జరిగాడు.

"భానూ, రేపు కాసేపు నేను నడపనా?"

ఆమె ఆలోచించింది. "ముందు హోటల్ ఆవరణలో నాలుగు చుట్లు తిప్పండి. నేను పక్కన కూర్చుంటాను. అప్పుడు చూద్దాం."

"నేను మాత్రం దిగి చెట్టు కింద నిలబడతాను," అంది కోటేశ్వరి, ఇంకో ముద్ద పులిహోర తీసుకుంటూ.